రెండో సినిమాయే మాకు మొదటిది

జేమ్స్ బాండ్‌ని మన కృష్ణని చూసే తయారుచేశారని మా రాజోలు వైపు చాలామందికి గట్టి నమ్మకం ఉండేది. నవ్వకండి, వాళ్ళ లెక్క వాళ్ళకుంది. కృష్ణ ‘గూఢచారి 116’ 1966లోనే వచ్చేసింది. డూండీ తీసిన ఆ సినిమాతోనే ఆయన ఆంధ్రా జేమ్స్ బాండ్ అయిపోయాడు. బుర్రిపాలెం కుర్రాడు పిస్తోలు పట్టుకుంటే ఎలా ఉంటాడో జనానికి బాగా అలవాటైపోయాక, ఎప్పుడో డెబ్భైల చివర్లో అసలు బాండ్ మా ఏటి దరికి వచ్చాడు. ముందొచ్చినవాడు అసలు, వెనకొచ్చినవాడు నకలు. ఇందులో తప్పేముంది?

పోనీ వచ్చినవాడైనా వరసలో వచ్చాడా అంటే అదీ లేదు. షాన్ కానరీ మొదటి బాండ్ సినిమా ‘డాక్టర్ నో’ 1962 అక్టోబర్లో లండన్‌లో విడుదలైంది. అది బాగా ఆడేసరికి నిర్మాతలు బ్రకోలీ, సాల్ట్‌జ్‌మన్ ఇద్దరూ కలిసి మరుసటేడే దాని కొనసాగింపు ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ తీశారు. మా నరసాపురానికి ఆ రెండోదే ముందొచ్చింది. మొదటిది చూడ్డానికి నాకు వీడియో క్యాసెట్ల కాలం రావాల్సి వచ్చింది. అందుకని, డాక్టర్ నోని చంపినవాడి మీద పగ తీర్చుకోవాలని సినిమాలో విలన్లు పళ్ళు నూరుతుంటే, ఆ డాక్టరెవరో, ఏ ఊళ్ళో ప్రాక్టీసో మా హాల్లో ఎవరికీ తెలీదు. దానివల్ల నష్టమూ జరగలేదు. ముందు కథ తెలియకుండా చూసినా మంచి నీళ్ళు తాగినట్టు అర్థమైపోయిన సీక్వెల్ నా ఎరుకలో అదొక్కటే.

మాది సఖినేటిపల్లి వైపు పల్లెటూరు. వశిష్ఠ గోదావరి మీద పంటు ఎక్కితే అవతలి రేవు నరసాపురం. పంటు ఎరగని వాళ్ళ కోసం చెప్తున్నాను: రెండు పడవల్ని పక్కపక్కన కలిపి కట్టి, పైన బల్లలు పరుస్తారు. మనుషులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, అరటి గెలలు, గేదెలు, ఒక్కోసారి పెళ్ళివారు, అన్నీ దాని మీదే దాటాలి. కొత్త సినిమా చూడాలంటే మాకు ముందు ఏరు దాటడం, తరవాత టికెట్టు. ఆఖరి పంటు వెళ్ళిపోతుందన్న టెన్షన్‌తో సెకండ్ షో జోలికి పోయేవాళ్ళం కాదు.

మా అమ్మ తమ్ముడు, అంటే నా మేనమామ, లాంచీ నడిపే సరంగు. ఇంజను మోత విని లాంచీ పేరు చెప్పేసేవాడు. అత్త లేసు అల్లేది. మా వైపు అప్పట్లో ఇంటింటా ఆడవాళ్ళ చేతిలో సన్నని కొక్కెం సూది ఉండేది. అల్లిన లేసు ఏజెంటుకిస్తే కూలి డబ్బులు. అది నరసాపురం షావుకార్ల చేతుల మీదుగా దేశాలు దాటి పోయేది. ఏ దేశం పోతుందో, అక్కడ దాన్ని ఏ బల్ల మీద పరుస్తారో అల్లినవాళ్ళకి తెలీదు. అత్త ఎప్పుడైనా ఏజెంటుతో పడక నేరుగా నరసాపురంలోనే లేసు ఇచ్చి వస్తానని బయల్దేరేది. ఆ బయల్దేరడంలో సగం సినిమా కోసమేనని మావయ్యకి తెలుసు, నాకూ తెలుసు.

ఆదివారం మార్నింగ్ షో అంటే ఇంగ్లీషు బొమ్మ. తెలుగు సినిమా మ్యాట్నీ నుంచి మొదలవుతుంది కాబట్టి పొద్దున్న ఖాళీగా ఉన్న హాలుని పాత ఇంగ్లీషు ప్రింటుతో నింపేవాళ్ళు. రిక్షాకి మైకు కట్టి ఊరంతా తిప్పేవారు, గులాబీ రంగు కరపత్రాలు పంచేవారు. మా చేతికి అందేటప్పటికి ఆ ప్రింట్లు ఎన్ని ఊళ్ళు తిరిగాయో ఏమో, తెర మీద ఎప్పుడూ వాన కురుస్తుండేది. ఆ వేళ చూసిన హాలు పేరు చెప్పను గానీ, అక్కడ రీలు తెగడం, నేల టికెట్టువాళ్ళు ఈలలెయ్యడం, ఆపరేటరు కిటికీలోంచి తల బయటపెట్టి మమ్మల్నే తిట్టడం ఆటలో భాగం.

మాతో పాటు ఆ వేళ పంటు మీద మా హైస్కూలు సోషల్ మాస్టారు కూడా ఎక్కారు. ఆయన ఎర్రజెండా మనిషి. ఇంట్లో ‘సోవియట్ భూమి’ పత్రికల దొంతరలు, విశాలాంధ్ర వాళ్ళు తక్కువ ధరకి అమ్మే రష్యన్ పుస్తకాల తెలుగు అనువాదాలు ఉండేవి. ఆ పత్రిక కాగితం మందంగా, నున్నగా ఉండేది. మా నోటు పుస్తకాలన్నిటికీ అదే అట్ట. లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు, తెలుగు వాచకం మీద గోధుమ చేలో నవ్వుతున్న అమ్మాయి. పేరులో రష్యా ఉన్న బొమ్మ అనేసరికి మాస్టారు దెబ్బలాటకి సిద్ధమయ్యే బయల్దేరారు. “వాళ్ళ మీద విషం కక్కుంటారయ్యా. చూడకుండా ఖండించకూడదు కదా, అందుకని చూస్తున్నాను” అన్నారు మావయ్యతో.

“ఆయ్, చూడండి మాస్టారూ. మాకూ కాస్త మాటలు చెబుదురు గాని” అన్నాడు మావయ్య. అలా మా వరసంతటికీ మాస్టారే తెలుగు మాటల రచయిత అయ్యారు.

ఖండించడానికి వచ్చిన మాస్టారుకి పాపం సినిమా అవకాశం ఇవ్వలేదు. ఇయాన్ ఫ్లెమింగ్ 1957లో రాసిన నవలలో కుట్ర చేసేది రష్యా గూఢచారి సంస్థే. సినిమాకొచ్చేసరికి దాన్ని మార్చేశారు. ఏ దేశానికీ చెందని స్పెక్టర్ అనే ముఠా అటు రష్యాని, ఇటు ఇంగ్లండుని తగువు పెట్టి మధ్యలో తను లాభపడాలని చూస్తుంది. అమెరికా, రష్యాల ప్రచ్ఛన్న యుద్ధం గొడవలోకి దిగడం నిర్మాతలకి ఇష్టం లేకపోయింది. రష్యా అమ్మాయి టాటియానా మంచిది, మోసపోయింది. రష్యా ఆఫీసరమ్మ రోజా క్లెబ్ దుర్మార్గురాలే గానీ, ఆవిడ అప్పటికే రష్యాని వదిలి ముఠాలో చేరిపోయింది. మాస్టారు ఇదంతా మాకు చెప్పుకొస్తూ చెప్పుకొస్తూ, “ఇందులో మనవాళ్ళ తప్పేం లేదే!” అని తనే ఆశ్చర్యపోయారు. మొదట్లో చదరంగం పోటీ సీనొకటుంటుంది. అది 1960లో రష్యన్ ఆటగాడు బోరిస్ స్పాస్కీ డేవిడ్ బ్రాన్‌స్టైన్ మీద గెలిచిన ఆటే. ఈ సంగతి నేను చాలా ఏళ్ళకి చదివాను. మాస్టారుకి అప్పుడే తెలిసుంటే హాల్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు.

అసలు ఆ సినిమా మొదలవడమే మా హాలుని కొట్టేసింది. పేర్లు ఇంకా పడలేదు. రాత్రివేళ, పెద్ద తోట, పాలరాతి బొమ్మలు. బాండ్ పిస్తోలు పట్టుకుని వెతుక్కుంటూ వస్తాడు. వెనకాల ఒక బండోడు పిల్లిలా వచ్చి చేతి గడియారంలోంచి సన్నని తీగ లాగి మెడకి బిగించేస్తాడు. అంతే, హీరో చచ్చిపోయాడు. నేల టికెట్టులో ఒకాయన నిజంగానే లేచి తుండు దులుపుకున్నాడు. తరవాత శవం మొహం మీంచి తొడుగు పీకితే వాడు బాండ్ కాదు, వేరేవాడు. అది విలన్లు చేయించుకున్న ప్రాక్టీసు. లేచినాయన మళ్ళీ కూర్చున్నాడు. పేర్లకి ముందు ఇలా ఒక సీను నడిపించడం బాండ్ సినిమాల్లో ఇక్కణ్ణుంచే మొదలైంది, ఆ తరవాత అదో ఆనవాయితీ అయిపోయింది. మన తెలుగు సినిమాల్లో కూడా ముందు ఒక ఫైటు, తరవాత పేర్లు అనేది చూసినప్పుడల్లా నాకు ఆ తుండు దులుపుకున్నాయనే గుర్తొస్తాడు.

ఆ తరవాత పేర్లు. నాట్యం చేసే అమ్మాయి ఒంటి మీద అక్షరాలు పడి, ఆవిడతో పాటు అవీ మెలికలు తిరుగుతుంటాయి. అత్త తల వంచుకుని లేసు తీసింది. చీకట్లో ఎలా అల్లుతుందని అడక్కండి, చూపు తిప్పుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

సినిమా కథ అందరికీ తెలిసిందే అనుకుంటాను. రష్యావాళ్ళ రహస్య లిపి యంత్రం ఒకటి ఇస్తానని ఇస్తాంబుల్‌లో ఆ టాటియానాయే బాండ్‌కి కబురు పెడుతుంది. అది ఎర అని తెలిసే అతను వెళ్తాడు. అక్కడ అతనికి తోడుపడే పెద్దమనిషి కెరీమ్ బే. మా హాల్లో బాండ్ కంటే ఎక్కువ మార్కులు ఈయనకే పడ్డాయి. పెద్ద మీసం, పెద్ద నవ్వు, ఎవరొచ్చినా కాఫీ. తన దగ్గర ముఖ్యమైన పనుల్లో ఉన్నవాళ్ళంతా తన కొడుకులేనని బాండ్‌తో చెప్తాడు. మాస్టారు ఆ ముక్క తెలుగులో చెప్పగానే అత్త లేసు ఒళ్ళో పెట్టేసింది.

“ఆడే తెలివైనోడు. కొడుకులందర్నీ ఒక్క ఆఫీసులో పెట్టేసుకున్నాడు. బయటోణ్ణి పెట్టుకుంటే తెల్లారేసరికి అమ్మేస్తాడు” అంది. మావయ్య లాంచీలో బయటివాడికి వాటా ఇవ్వడం మీద ఇంట్లో అప్పటికి ఏదో రభస నడుస్తోంది. ఆ మాట బాణంలా ఎటు పోయిందో మాకందరికీ తెలుసు.

ఆ కెరీమ్ బేగా వేసినాయన పేరు పెద్రో ఆర్మెండారిస్. మెక్సికోలో గొప్ప నటుడు. చాలా ఏళ్ళ తరవాత హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నప్పుడు, ఆ సినిమా తీసిన వైనం మీద దొరికినదల్లా చూశాను, చదివాను. అందులో మిగతాదంతా సరదాగా చదువుకుపోయాను గానీ ఈయన దగ్గర ఆగిపోయాను. ఇస్తాంబుల్‌లో షూటింగ్ జరుగుతుండగా ఆయన నొప్పితో నడవలేకపోయేవాడు. చూస్తే క్యాన్సరు, బాగా ముదిరిపోయింది. ఇంకొకణ్ణి పెట్టి మళ్ళీ తీసెయ్యొచ్చు. ఆయన మాత్రం నటిస్తానన్నాడు. ఆ పారితోషికం ఇంటివాళ్ళకి మిగలాలని ఆయన తాపత్రయం. డైరెక్టర్ టెరెన్స్ యంగ్ షెడ్యూలంతా తిరగేసి, లండన్ దగ్గరి పైన్‌వుడ్ స్టూడియోలో ముందు ఆయన సీన్లే వరసగా తీసేశాడు. ఆయన వెళ్ళిపోయాక మిగిలిన ముక్కలకి డూపుతో సర్దుకున్నారు. 1963 జూన్‌లో లాస్ ఏంజిలెస్ ఆసుపత్రిలో ఆర్మెండారిస్ తన ప్రాణం తనే తీసుకున్నాడు. అప్పటికి ఆయనకి 51 ఏళ్ళు. సినిమా అక్టోబర్లో విడుదలైంది.

ఇది తెలిశాక మళ్ళీ చూస్తే ఆయన కుంటుతూ నడవడం కొన్ని సీన్లలో కనిపిస్తుంది. నవ్వు మాత్రం ఎక్కడా తగ్గలేదు. ఊరెళ్ళినప్పుడు అత్తకి ఈ సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడకుండా, “ఎంతమంది పిల్లలు?” అని అడిగింది.

నవ్వొచ్చే సంగతులూ లేకపోలేదు. ఇస్తాంబుల్ నేల కింద సొరంగంలో బాండ్, టాటియానా పరిగెడుతుంటే ఎలకల దండు తరుముకొస్తుంది. బ్రిటన్‌లో అడవి ఎలకలతో షూటింగ్‌కి ఒప్పుకోరట. అందుకని తెల్ల ఎలకలు తెచ్చి, కోకో పొడి పూసి గోధుమరంగు చేశారు. అది కుదరలేదు. ఆఖరికి ఆ సీను కోసం స్పెయిన్ వెళ్ళి తీసుకొచ్చారు. మా డెల్టాలో వరి చేలని ఎలకలు ఏం చేస్తాయో ఎరిగినవాడెవడైనా ఈ కథ వింటే గుండె బాదుకుంటాడు. దాళ్వా కోతలప్పుడు ఒక్క కబురు పెడితే ఏ రంగువి కావాలంటే ఆ రంగువి బుట్టలకెత్తి పంపేవాళ్ళం.

జిప్సీల గుడారాలు కూడా టర్కీలోవి కావు, పైన్‌వుడ్‌లో వేసిన సెట్టే. బ్రిటిష్ సినిమా నిధి నుంచి సాయం అందాలంటే సినిమాలో నూటికి 70 వంతులు బ్రిటన్‌లోనో, కామన్వెల్త్‌లోనో తీయాలని అప్పటి నిబంధన. మొదటి సినిమాకి దాదాపు 10 లక్షల డాలర్లు పెట్టినవాళ్ళు దీనికి 20 లక్షలు పెట్టారు. ఇప్పటి సీక్వెళ్ళలో డబ్బు పెరిగిందంటే ఆ పెరిగినదంతా కంప్యూటర్‌లోకి పోతుంది. ఇక్కడ పెరిగిన డబ్బు ఊళ్ళ మీద, రైలు మీద, పడవల మీద కనిపిస్తుంది. నేను దాన్ని గట్టి సినిమా అనడానికి అదొక కారణం.

ఇంకో కారణం రైలు డబ్బాలో కొట్లాట. విలన్ గ్రాంట్‌గా రాబర్ట్ షా, బాండ్‌గా కానరీ. ఇరుకు గది, లైటు పగిలిపోతుంది, నీలం వెలుగు. వెనక సంగీతం లేదు. రైలు చప్పుడు, ఊపిరి, గుద్దులు, అంతే. ఎడిటర్ పీటర్ హంట్ దాన్ని ఎలా కోశాడో, దెబ్బ పడ్డాక మనకి తెలుస్తుంది ఎవరికి పడిందో. చాలావరకు డూపులు లేకుండా వాళ్ళిద్దరే చేశారు. మా హాల్లో ఆ కాసేపు వేరుశనక్కాయలు ఒలిచిన చప్పుడు కూడా లేదు. డిష్యుం డిష్యుం శబ్దాలకి అలవాటుపడ్డ జనం అది. ఇంగ్లీషు ముక్క రాకపోయినా సరే, తెర మీద ఇద్దరు మనుషులు నిజంగా ప్రాణాల కోసం పెనుగులాడుతున్నారని అందరికీ తెలిసిపోయింది. ‘గూఢచారి 116’లో ఫైట్లకి వేసిన ఈలలు ఇక్కడ వెయ్యలేదు. కొట్లాట అయ్యాక ఒక్కసారిగా వేశారు.

కానీ ఆ కొట్లాటకి ముందున్న అసలు తిరకాసు మాలో ఒక్కరికీ అర్థం కాలేదు, మాస్టారుతో సహా. గ్రాంట్ పెద్దమనిషి వేషంలో వచ్చి రైల్లో వాళ్ళతో భోజనానికి కూర్చుంటాడు. చేపతో పాటు ఎర్ర ద్రాక్షసారా తెప్పించుకుంటాడు. అప్పుడే తను అనుమానించి ఉండాల్సిందని బాండ్ తరవాత అంటాడు. చేపతో తెల్లదే తాగాలట, పుట్టుకతో దొరబాబైనవాడు ఎర్రది అడగడట. పులస పులుసు తినే ఊళ్ళో ఇది ఎవడికి తెలుస్తుంది? “చేప వాసనొచ్చుంటది, అందుకే అనుమానం” అని మావయ్య తేల్చేశాడు. మాస్టారు కాదనలేదు.

మావయ్య రాజ్యం ఆఖర్న వచ్చింది, పడవల సీనులో. బాండ్, టాటియానా మోటారు పడవలో పారిపోతుంటే వెనక ముఠా పడవలు తరుముతాయి. తుపాకి గుళ్ళకి బాండ్ పడవలో పెట్రోలు పీపాలు చిల్లులు పడతాయి. ఆ పీపాల్ని నీళ్ళలోకి దొర్లించేసి, వెనకవాళ్ళు వాటి మధ్యకి రాగానే తారాజువ్వ లాంటి పిస్తోలు పేలుస్తాడు. నీళ్ళ మీద మంట.

మావయ్య ముందు ఆనందపడ్డాడు, తరవాత దర్యాప్తు మొదలెట్టాడు. “డీజిలైతే అలా భగ్గుమనదు. పెట్రోలే. సరే, అది కుదిరింది.” కాసేపాగి, “ఆ మోత మాత్రం ఆ పడవది కాదురా అబ్బాయ్. అంత చిన్న ఇంజనుకి అంత గొంతుండదు.” ఇంకాస్సేపాగి, “మంట ట్రిక్కు. ఎక్కడో విడిగా తీసి అతికించేశారు. ఒక్కడి ఒంటికీ సెగ తగిలుండదు.” వెనక బెంచీవాళ్ళు కూర్చోమని అరిచారు గాని, వాళ్ళూ సగం రేవువాళ్ళే కాబట్టి మోత సంగతి మీద చర్చ అక్కడే మొదలైపోయింది. ఒకాయన జంట ఇంజన్లన్నాడు, ఇంకొకాయన గాలి ఎదురుగా వస్తే అలాగే వినిపిస్తుందన్నాడు.

ఇందులో మావయ్య ఎంతవరకు రైటో తేలడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పడవల మోత సరిపోలేదని తరవాత వేరే శబ్దం కలిపిన మాట నిజమే. అసలు ఆ సీను ముందు టర్కీలోనే తీద్దామనుకున్నారు. అక్కడి సముద్రపు అలలకి పడవలు కావలసినంత జోరుగా పోలేదు. కెమెరాలు పెట్టిన అద్దె పడవొకటి బాస్ఫరస్ జలసంధిలో మునిగిపోయింది కూడా. హెలికాప్టరు కోసం అక్కడి వైమానిక స్థావరానికి పోయిన సిబ్బంది అరెస్టు తప్పించుకుని బయటపడ్డారు. ఆఖరికి హెలికాప్టరు సీను, పడవల సీను రెండూ స్కాట్‌లాండ్‌కి మార్చేశారు. కొండల మధ్య ప్రశాంతంగా ఉన్న నీళ్ళు. అక్కడా గండం తప్పలేదు. లొకేషన్ చూడ్డానికి డైరెక్టర్ ఎక్కిన హెలికాప్టరు నీళ్ళలో కూలింది. మునిగిపోతున్న దాన్లోంచి ఆయన బయటపడి, చేతికి కట్టు కట్టించుకుని మళ్ళీ పనిలోకి వచ్చేశాడు.

మంట విషయంలో మాత్రం మావయ్య ఓడిపోయాడు. పేలుడు విడిగా పైన్‌వుడ్‌లో తీసిన మాట నిజమే గాని, అది అదుపు తప్పింది. పడవల నాయకుడిగా వేసిన వాల్టర్ గోటెల్ కనురెప్పలు కాలాయి. ముగ్గురు స్టంట్‌మెన్‌లకి బాగా దెబ్బలు తగిలాయి. ఈ సంగతి నేను చెప్పినప్పుడు మావయ్య రిటైరై అరుగు మీద కూర్చునే రోజులు. మొదటి సగం విని మీసం దువ్వాడు. రెండో సగం విని, “అయితే వాళ్ళకి సరంగు లేడు” అన్నాడు. నీళ్ళ మీద పెట్రోలుతో పని చేసేటప్పుడు ఏ గాలికి ఎటు నిలబడాలో చెప్పేవాడు ఉండాలట. నాకది సబబుగానే అనిపించింది.

1963 అక్టోబర్ 10న లండన్ లెస్టర్ స్క్వేర్‌లో విడుదలైనప్పుడు జనం ఎగబడ్డారు. మొదటి దానికంటే చాలా ఎక్కువ వసూలు చేసింది. కెమెరామన్ టెడ్ మూర్‌కి బ్రిటిష్ అకాడమీ అవార్డు వచ్చింది. అమెరికాలో కలిసొచ్చిన సంగతి ఇంకొకటుంది. 1961లో ‘లైఫ్’ పత్రికలో ప్రెసిడెంట్ కెనడీకి ఇష్టమైన పది పుస్తకాల జాబితా వేస్తే అందులో ఈ నవల ఉంది. రెండో సినిమాగా దీన్నే ఎంచుకోవడం వెనక ఆ జాబితా కూడా పని చేసిందంటారు. బాండ్‌కి చిత్రమైన సామాన్లిచ్చే పెద్దాయన వేషంలో డెస్మండ్ లెవెలిన్ మొదటిసారి కనిపించింది కూడా ఇందులోనే. ఆ తరవాత ఒక్క సినిమాలో తప్ప 1999 దాకా ఆయన ఆ వేషాన్ని వదల్లేదు. ఇందులో ఆయన ఇచ్చేది ఒక్క తోలు పెట్టె. లోపల విడి భాగాలుగా తుపాకి, దాచిన కత్తి, 50 బంగారు నాణేలు, తప్పుగా తెరిస్తే పొగ చిమ్మే పౌడరు డబ్బా. ఆ ఒక్క పెట్టెతో సినిమా అంతా నడిపించేశారు. తరవాతి ‘గోల్డ్‌ఫింగర్’లో కారొచ్చింది, కారులో మరలొచ్చాయి, ఇక అక్కణ్ణుంచి బాండ్ బుర్ర కంటే సామాను ఎక్కువైపోయింది. ఇది నా అభిప్రాయం. మా పెద్దమ్మ కొడుకు ఒప్పుకోడు. వాడికి ‘గోల్డ్‌ఫింగర్’ అంటే ప్రాణం, సంక్రాంతికి కలిసిన ప్రతిసారీ ఇదే తగువు.

సినిమా ఆఖర్న తెర మీద, జేమ్స్ బాండ్ మళ్ళీ ‘గోల్డ్‌ఫింగర్’లో వస్తాడని పడుతుంది. మాస్టారు అది చదివి చెప్పగానే, “మరైతే వచ్చేవారం ఇక్కడేనా?” అని ఒకడు అడిగాడు. వచ్చేవారం ఏదో కరాటే బొమ్మ వచ్చింది.

మన గూఢచారికి మాత్రం నంబరు పెరగడానికి 23 ఏళ్ళు పట్టింది. 1989లో ‘గూఢచారి 117’ వచ్చింది. తీసింది మా పక్క పాలకొల్లు మనిషి కోడి రామకృష్ణ. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ, ముగ్గురూ పాలకొల్లు వాళ్ళే కాబట్టి, ఆ ఊరి మీదుగా బస్సులో పోతుంటే ఎవడో ఒకడు సినిమా కథ చెప్పడం మొదలెడతాడని మాలో ఒక జోకు. మావయ్యా, అత్తా, నేనూ కలిసే చూశాం. అప్పటికి ఊళ్ళో వీడియోలు వచ్చేశాయి, ఇంగ్లీషు మార్నింగ్ షోలు దాదాపు పోయాయి. పాత కృష్ణ, పాత జోరు వెతుక్కున్నాడు మావయ్య. అత్త మాత్రం తెర మీద చిన్నపిల్లాడు మహేష్ బాబు కనిపించగానే, “చూశావా, ఈయన కూడా కొడుకుని ఆఫీసులో పెట్టేశాడు” అంది.

సరిగ్గా అదే ఏడు ఇంగ్లీషు బాండ్ ‘లైసెన్స్ టు కిల్’ వచ్చింది. అందులో ఒక దేశాధ్యక్షుడి వేషం వేసినాయన పేరు పెద్రో ఆర్మెండారిస్ జూనియర్. కెరీమ్ బే కొడుకు. ఈ ముక్క నాకు తెలిసేటప్పటికి మావయ్య లేడు. అత్తకి ఫోన్లో చెప్పాను. “మరి ఇన్నాళ్ళూ చెప్పవేం! ఈసారొచ్చినప్పుడు ఆ బొమ్మ పట్రా” అంది. దసరా సెలవులకి పట్టుకెళ్ళాను. ఆయన కనిపించేది కాసేపే. అత్త రెండుసార్లు వెనక్కి తిప్పించి, “మీసం తండ్రిదే” అని, ఆ తరవాత లారీలు పేలుతుండగా కుర్చీలోనే నిద్రపోయింది.